జార్జ్ ఆర్వెల్

జార్జ్ ఆర్వెల్ అనే కలంపేరుతో లోకప్రసిద్ధుడైన ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ (జూన్ 25, 1903 – జనవరి 21, 1950) ఆంగ్ల నవలా రచయిత, వ్యాసకర్త మరియు పాత్రికేయుడు. ఇతడు భారతదేశంలో, నేటి బీహార్ రాష్ట్రానికి చెందిన మోతీహారి పట్టణంలో జన్మించాడు. యానిమల్ ఫామ్ (1945), నైన్టీన్ ఎయిటీ ఫోర్ (1949) అనే రెండు రచనలు ఇతనికి విశేషమైన కీర్తిని తెచ్చిపెట్టాయి. రాజ్యము తన ప్రజలపై నిరంతరము నిఘా ఉంచి, వారి నడవడికనే గాక ఆలోచనలను సైతం అదుపు చేసే సమాజాన్ని వీటిలో రెండవది చిత్రించింది. నిఘాను గురించిన చర్చ ఏ దేశంలో జరిగినా ఆర్వెల్ పేరు ప్రస్తావనకు రావటం పరిపాటి అయ్యింది.

ఈ విషయాన్ని ఆర్వెల్ కేవలం ఊహించి వ్రాయలేదు. యౌవనంలో అయిదేళ్ళ పాటు బ్రిటిషు సామ్రాజ్యపు పోలీసు అధికారిగా ప్రజలను కనిపెట్టి ఉండే ఉద్యోగం చేశాడు. ఆ తరువాత అనేక సంవత్సరాలు తానే పోలీసుల నిఘాలో ఉన్నాడు. ఆ సంగతి చాలావరకు అతనికి తెలియదు. జీవితపు చివరి సంవత్సరంలో ఇతరుల పేర్లతో ఒక జాబితాను ప్రభుత్వ శాఖకు అందజేశాడు. అతని ప్రసిద్ధ నవలను చదివేవారు ఈ మూడు సంగతులనూ కలిపి చూడవలసి ఉంటుంది.

బాల్యము, విద్యాభ్యాసము

ఎరిక్ తండ్రి రిచర్డ్ బ్లెయిర్ బ్రిటిషు ఇండియా ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. తల్లి ఐడా ఫ్రెంచి మూలాలు గల కుటుంబానికి చెందినది. ఆమె బర్మాలోని మౌల్మేన్ పట్టణంలో పెరిగింది. ఎరిక్ కు ఏడాది వయసు నిండిన కొద్దికాలానికే, 1904లో, తల్లి పిల్లలను తీసుకొని ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. తండ్రి 1912లో పదవీ విరమణ చేసేవరకు ఇండియాలోనే ఉన్నాడు. కనుక మోతీహారికి సంబంధించిన జ్ఞాపకాలేవీ ఆర్వెల్ రచనలలో కనిపించవు.

1911లో ఇతడిని ఈస్ట్‌బోర్న్ లోని సెయింట్ సిప్రియన్స్ అనే వసతి పాఠశాలలో చేర్పించారు. కుటుంబానికి పూర్తి రుసుము చెల్లించే స్తోమత లేనందున తగ్గింపు రుసుముపై చేర్చుకున్నారు. ఈ పాఠశాల జీవితాన్ని గురించి ఆర్వెల్ తరువాతి కాలంలో ఒక సుదీర్ఘ వ్యాసం వ్రాశాడు. పరువునష్టం దావా వస్తుందన్న భయం వలన అది అతని జీవితకాలంలో ప్రచురింపబడలేదు. 1952లో అమెరికాలోనూ, 1968లో బ్రిటనులోనూ వెలుగు చూసింది. అందులోని ఒక చిన్న సంఘటన ఇక్కడ చెప్పుకోదగినది. పాఠశాల నియమాన్ని అతిక్రమించి మిఠాయిలు కొనుక్కోవటానికి వెళ్ళిన బాలునికి వీధిలో ఒక వ్యక్తి తన టోపీ వంక చూస్తున్నట్లు కనిపించింది. ఆ మనిషి తమ ప్రధానోపాధ్యాయుడు నియమించిన గూఢచారి అని బాలుడు నిశ్చయించుకున్నాడు. సర్వశక్తిమంతుడైన ప్రధానోపాధ్యాయునికి ఊరంతటా వేగులు ఉండటం ఆ వయసులో అతనికి సహజమైన విషయంగానే తోచింది. నైన్టీన్ ఎయిటీ ఫోర్ నవలలోని భయానికి బీజము ఈ పాఠశాలలోనే పడిందని కొందరు విమర్శకులు భావించారు. ఒక నవలను మొత్తంగా బాల్యపు భయాలకు ముడిపెట్టడం అతిశయోక్తి అవుతుంది గాని, సంఘటన మాత్రం మరువదగినది కాదు.

1917 నుండి 1921 వరకు ఈటన్ లో విద్యార్థివేతనంపై చదివాడు. అక్కడ కొంతకాలం ఇతనికి ఫ్రెంచి బోధించిన ఉపాధ్యాయుడు ఆల్డస్ హక్స్లీ. మరొక ప్రసిద్ధ భవిష్యత్ దుస్వప్న నవల అయిన బ్రేవ్ న్యూ వరల్డ్ (1932) రచయిత ఈ హక్స్లీయే.

బర్మాలో పోలీసు ఉద్యోగము

విశ్వవిద్యాలయంలో చేరే అవకాశం లేక, ఎరిక్ బ్లెయిర్ 1922లో ఇండియన్ ఇంపీరియల్ పోలీసు సర్వీసులో చేరి బర్మాకు వెళ్ళాడు. అప్పటికి బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రము (1937లో వేరు చేయబడింది). మాండలేలోని శిక్షణాలయంలో తర్ఫీదు పొందిన తరువాత మ్యాంగ్‌మ్యా, త్వాంటే, సిరియం, ఇన్సేన్, మౌల్మేన్, కాథా పట్టణాలలో పనిచేశాడు. వీటిలో ఇన్సేన్ పెద్ద జైలుకు ప్రసిద్ధి. ఇరవై యేళ్ళు దాటిన కొద్దికాలానికే లక్షలాది జనాభా గల ప్రాంతపు శాంతిభద్రతలు అతని చేతికి వచ్చాయి. ఆ దశాబ్దంలో బర్మా గ్రామాలలో జాతీయవాద సంఘాలు విస్తరిస్తున్నాయి. వాటిని కనిపెట్టి ఉండటం పోలీసు శాఖ విధులలో ఒకటి.

1927లో డెంగ్యూ జ్వరం వచ్చి, సెలవుపై ఇంగ్లండుకు వెళ్ళిన బ్లెయిర్ మరల బర్మాకు తిరిగి రాలేదు. ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ఈ అనుభవాల నుండి ఒక ఉరిశిక్ష అమలును వర్ణించే వ్యాసము (1931), బర్మీస్ డేస్ అనే నవల (1934), షూటింగ్ యాన్ ఎలిఫెంట్ అనే వ్యాసము (1936) వెలువడ్డాయి. బర్మీస్ డేస్ ను లండను ప్రచురణకర్తలు దావాల భయంతో ముందు నిరాకరించగా అది మొదట న్యూయార్కులో అచ్చయింది.

షూటింగ్ యాన్ ఎలిఫెంట్ తెలుగు పాఠకులకు ప్రత్యేకించి ఆసక్తి కలిగిస్తుంది. మదమెక్కిన ఏనుగు ఒకటి మౌల్మేన్ లో ఒక కూలీని తొక్కి చంపుతుంది. మరణించిన ఆ వ్యక్తి ద్రావిడుడని రచయిత చెబుతాడు. అతనిని ఉద్దేశించి ఒక తెల్లవాడు వాడిన మాట కోరంగి. గోదావరి ముఖద్వారం వద్దనున్న కోరంగి రేవు నుండి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారికి బర్మాలో ఏర్పడిన పేరు అది. క్రమంగా ఇతర దక్షిణాది కూలీలకు కూడా వర్తించింది. ఏనుగు ప్రాణం ముందు ఆ కూలీ ప్రాణానికి విలువ లేదన్న భావాన్ని వ్యాసకర్త ఏ వ్యాఖ్యానమూ లేకుండా నమోదు చేశాడు.

వ్యాసంలోని అసలు విషయం మరొకటి. ఏనుగు అప్పటికి శాంతించి మేత మేస్తున్నది. దానిని చంపే అవసరం లేదని పోలీసు అధికారికి తెలుసు. కాని అతని వెనుక వేలమంది జనం గుమికూడి ఏమి చేస్తాడా అని చూస్తున్నారు. ఆ చూపులకు లొంగి అతడు తుపాకి పేలుస్తాడు. పాలకుడు ప్రజలపై నిఘా ఉంచుతాడు. అదే సమయంలో ప్రజల చూపు పాలకుని ఒక వేషంలో బంధిస్తుంది. చూపు అనేది స్వయంగా ఒక అధికారమని ఆర్వెల్ ఇంత స్పష్టంగా చెప్పిన రచన దీనికి ముందు లేదు.

పేదల మధ్య, పోలీసు దస్త్రములో

రాజీనామా అనంతరం బ్లెయిర్ రచయిత కావాలన్న సంకల్పంతో లండను మురికివాడలలోనూ, 1928, 1929 సంవత్సరాలలో పారిస్ లోనూ గడిపాడు. పారిస్ హోటలులో అంట్లు తోమాడు. ఈ అనుభవాలను తెలిపే డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్ 1933 జనవరిలో వెలువడింది. జార్జ్ ఆర్వెల్ అన్న పేరు మొదటిసారిగా కనిపించినది ఈ పుస్తకం మీదనే. ఆర్వెల్ అనేది ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో ప్రవహించే ఒక నది పేరు.

పారిస్ లో ఉన్న కాలంలో ఇతడు ఒక కమ్యూనిస్టు పత్రికకు విలేకరిగా పనిచేయటానికి సంసిద్ధత తెలిపాడు. ఈ సంగతి బ్రిటిషు అధికారుల దృష్టికి వచ్చింది. 1929లో ఇతని పేరు లండను పోలీసు విభాగమైన స్పెషల్ బ్రాంచి దస్త్రాలకు ఎక్కింది. రెండేళ్ళ క్రితం వరకు అదే సామ్రాజ్యానికి పోలీసు అధికారిగా ఉన్నవాడు ఇప్పుడు అనుమానితుడు అయ్యాడు. 1936లో ఉత్తర ఇంగ్లండులోని గనికార్మికుల జీవితాన్ని పరిశీలించటానికి విగన్ పట్టణానికి వెళ్ళినప్పుడు, అతడు ఎక్కడ బస చేసినదీ, ఏ సభకు హాజరైనదీ అక్కడి పోలీసులు లండనుకు తెలియజేశారు. కార్మికుల ఇళ్ళ వైశాల్యము, అద్దె, జీతము వంటి వివరాలను ఆర్వెల్ నోటు పుస్తకంలో వ్రాసుకుంటున్నాడు. ఆర్వెల్ వివరాలను పోలీసులు వ్రాసుకుంటున్నారు. ఈ యాత్రా ఫలితమైన ది రోడ్ టు విగన్ పియర్ 1937లో ప్రచురితమైంది.

1936 జూన్ లో ఐలీన్ ఓషానెసీతో ఇతని వివాహం జరిగింది. ఆమె ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యం చదివిన విద్యావంతురాలు. వివాహానికి రెండేళ్ళ ముందు, తాను చదివిన పాఠశాల వార్షికోత్సవం సందర్భంగా ఆమె భవిష్యత్తును ఊహిస్తూ వ్రాసిన కవిత శీర్షికలో 1984 అనే సంవత్సరం ఉంది. నవల శీర్షికకు దీనికి సంబంధమున్నదో లేదో ఎవరూ తేల్చలేదు.

స్పెయిన్

1936 డిసెంబరులో ఆర్వెల్ స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులకు వ్యతిరేకంగా పోరాడటానికి బార్సిలోనాకు వెళ్ళాడు. స్టాలినును వ్యతిరేకించే మార్క్సిస్టుల పార్టీ అయిన పౌమ్ కు చెందిన సైనికదళంలో చేరాడు. 1937 మే నెలలో బార్సిలోనా వీధులలో ప్రభుత్వ పక్షంలోని వర్గాలే పరస్పరం కాల్పులు జరుపుకున్నాయి. అదే నెల 20వ తేదీన వెస్కా సమీపంలో ఒక తూటా ఆర్వెల్ కంఠం గుండా దూసుకుపోయింది. అదృష్టవశాత్తు ప్రాణాపాయం తప్పింది.

అతడు కోలుకుంటున్న సమయానికి, జూన్ లో, పౌమ్ నిషేధింపబడింది. ఆ పార్టీ ఫాసిస్టుల రహస్య మిత్రపక్షమని ప్రచారం చేసి సభ్యులను నిర్బంధించారు. సాదా దుస్తులు ధరించిన పోలీసులు ఐలీన్ బస చేసిన హోటలు గదిని తెల్లవారకముందే సోదా చేసి, ఆర్వెల్ దినచర్య పుస్తకాలను, ఉత్తరాలను, పత్రికా కత్తిరింపులను పట్టుకుపోయారు. గదిలోని ప్రతి వస్తువునూ గాలించిన వారు, ఐలీన్ పడుకుని ఉన్న మంచం జోలికి మాత్రం స్త్రీ అన్న మర్యాదతో పోలేదు. స్పెయిన్ లో ఇంకా మిగిలి ఉన్న పెద్దమనిషి తరహాకు ఆర్వెల్ దీనిని ఉదాహరణగా చూపాడు. దంపతులు జూన్ 23న రైలులో ఫ్రాన్సుకు తప్పించుకున్నారు.

వారిపై ఎంతటి నిఘా జరిగిందో అప్పటికి ఆర్వెల్ కు పూర్తిగా తెలియదు. సోవియట్ రహస్య పోలీసు విభాగం తరఫున డేవిడ్ క్రుక్ అనే బ్రిటిషు యువకుడు బార్సిలోనాలో ఆర్వెల్ దంపతులను, వారి సహచరులను గమనించి నివేదికలు పంపాడు. ఈ క్రుక్ తరువాత చైనాలో స్థిరపడి, సాంస్కృతిక విప్లవ కాలంలో తానే గూఢచారి అన్న ఆరోపణపై అయిదేళ్ళకు పైగా నిర్బంధంలో ఉండటం విధి వైచిత్ర్యము. వృద్ధాప్యంలో అతడు తన పాత పనిని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఇదిగాక ఎరిక్, ఐలీన్ ఇద్దరూ ట్రాట్స్కీ అనుచరులని ఆరోపిస్తూ గూఢచర్య, రాజద్రోహ విచారణ న్యాయస్థానానికి 1937 జూలై 13 తేదీతో సమర్పించిన ఒక పత్రం మాడ్రిడ్ లోని ప్రభుత్వ పురాలేఖాగారంలో ఆర్వెల్ మరణించిన కొన్ని దశాబ్దాలకు బయటపడింది. రైలు అందకపోయి ఉంటే వారి గతి ఏమై ఉండేదో ఊహించవచ్చు.

ఇంగ్లండుకు తిరిగి వచ్చిన తరువాత ఆర్వెల్ ను కలవరపరచినది మరొక విషయం. తాను కళ్ళారా చూసిన సంఘటనలు పత్రికలలో పూర్తిగా భిన్నంగా అచ్చయ్యాయి. జరగని యుద్ధాల వర్ణనలు వచ్చాయి. వందలమంది మరణించిన పోరాటాల ప్రస్తావనే లేదు. గతాన్ని అధికారము తిరిగి వ్రాయగలదన్న ఆలోచన ఇక్కడ నుండి అతనిని వదలలేదు. హోమేజ్ టు కాటలోనియా 1938లో ప్రచురింపబడింది. ముద్రించిన 1,500 ప్రతులు రచయిత మరణించే నాటికి కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు.

యుద్ధకాలము, బి.బి.సి. ఉద్యోగము

1939 ఆగస్టులో, రెండవ ప్రపంచ యుద్ధం ప్రారంభానికి కొద్ది రోజుల ముందు, వాలింగ్టన్ గ్రామంలోని ఆర్వెల్ ఇంటికి ఇద్దరు డిటెక్టివులు వచ్చారు. పారిస్ లోని ఒక ప్రచురణ సంస్థకు అతడు వ్రాసిన ఉత్తరాన్ని తపాలాలో తెరచి చదివిన అధికారులు, అశ్లీలమని భావించిన పుస్తకాలను స్వాధీనం చేసుకోమని వారిని పంపారు. తన ఉత్తరాలు తెరవబడుతున్నాయని ఆర్వెల్ కు ఆ రోజున రుజువైంది.

క్షయ లక్షణాల వలన సైన్యంలో ప్రవేశం లభించక, 1941 ఆగస్టు నుండి 1943 నవంబరు వరకు బి.బి.సి. తూర్పు దేశాల విభాగంలో భారతీయ శ్రోతల కొరకు ప్రసంగాలను రూపొందించాడు. ముల్క్ రాజ్ ఆనంద్ వంటి భారతీయ రచయితలు ఈ కార్యక్రమాలలో పాల్గొన్నారు. ఆర్వెల్ వ్రాసిన వారపు వార్తా సమీక్షలు కొన్ని గుజరాతీ, మరాఠీ, తమిళ భాషలలోకి అనువదింపబడి ప్రసారమయ్యాయి. ప్రతి ప్రసంగమూ రెండు విధాల సెన్సారు ముద్రలు పొందవలసి ఉండేది. ప్రసార సమయంలో కూడా ఒక అధికారి ప్రతిని చేతిలో ఉంచుకుని, వక్త దారి తప్పితే మీట నొక్కి ప్రసారాన్ని ఆపటానికి సిద్ధంగా కూర్చునేవాడు. భార్య ఐలీన్ యుద్ధపు తొలి సంవత్సరాలలో సెన్సారు శాఖలోనే ఉద్యోగం చేసింది. 1942 క్విట్ ఇండియా ఉద్యమ సమయంలో నాయకులు జైళ్ళలో ఉండగా, వలస పాలనను వ్యతిరేకించే ఆర్వెల్ భారతీయులకు బ్రిటిషు ప్రచారం వినిపించవలసి వచ్చింది. ఆ పని వృథా అని భావించి చివరకు రాజీనామా చేశాడు.

ఈ కాలంలో కూడా దస్త్రము మూసివేయబడలేదు. 1942లో స్పెషల్ బ్రాంచి సార్జెంటు ఒకడు ఇతనికి తీవ్రమైన కమ్యూనిస్టు భావాలున్నాయని, భారతీయ మిత్రులు ఇతనిని కమ్యూనిస్టు సభలలో చూశారని, వస్త్రధారణ కూడా కట్టుబాట్లకు లోబడి లేదని నివేదించాడు. ఆంతరంగిక భద్రతా సంస్థ అయిన ఎం.ఐ.5 అధికారులు ఇతని రచనలను చదివి ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. కమ్యూనిస్టు పార్టీకి, ఇతనికి పొసగదని వారు సరిగానే గ్రహించారు. ఎం.ఐ.5 దస్త్రము 2007లో బ్రిటిషు జాతీయ పురాలేఖాగారంలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. నిఘా యంత్రాంగం సేకరించిన సమాచారం ఎంత ఉన్నా, దానిని చదివేవాని తెలివిని బట్టే దాని విలువ ఉంటుందనటానికి ఈ దస్త్రము మంచి నిదర్శనము.

యానిమల్ ఫామ్

రష్యా విప్లవము నియంతృత్వంగా మారిన తీరును ఒక పశువుల కొట్టంలో జరిగిన కథగా చెప్పే యానిమల్ ఫామ్ ను 1943–44 శీతాకాలంలో వ్రాశాడు. సోవియట్ యూనియన్ యుద్ధంలో మిత్రదేశము గనుక పలువురు ప్రచురణకర్తలు దీనిని తిరస్కరించారు. ఒక ప్రచురణకర్త ముందు అంగీకరించి, సమాచార మంత్రిత్వ శాఖ అధికారి సలహాపై వెనుకకు తగ్గాడు. ఆ అధికారి పీటర్ స్మోలెట్ అని, అతడు సోవియట్ ఏజెంటు అని తరువాతి కాలపు పరిశోధకులు నిర్ణయించారు. పుస్తకము 1945 ఆగస్టు 17న వెలువడి విశేషాదరణ పొందింది. తెలుగుతో సహా అనేక భాషలలోకి అనువదింపబడింది. ఈ విజయాన్ని ఐలీన్ చూడలేదు. 1945 మార్చిలో శస్త్రచికిత్స జరుగుతుండగా మరణించింది. అంతకు ముందు సంవత్సరమే వారు రిచర్డ్ అనే శిశువును దత్తత తీసుకున్నారు.

జమ్యాతిన్, బెంథామ్

నైన్టీన్ ఎయిటీ ఫోర్ కు ముందు ఇటువంటి నవలలు లేకపోలేదు. రష్యన్ రచయిత, నౌకా నిర్మాణ ఇంజనీరు యెవ్గేనీ జమ్యాతిన్ 1920–21లో మేము అనే అర్థం వచ్చే పేరుతో ఒక నవల వ్రాశాడు. అందులో మనుషులకు పేర్లు ఉండవు, సంఖ్యలు ఉంటాయి. ఇళ్ళన్నీ గాజు గోడలతో కట్టినవి గనుక ఎవరి జీవితమూ దాగదు. అనుమతి చీటీ ఉన్న గంటలో మాత్రమే తెరలు దించుకోవచ్చు. సోవియట్ ప్రభుత్వం దీని ప్రచురణను అనుమతించలేదు. 1924లో ఆంగ్లానువాదం న్యూయార్కులో వెలువడగా, రచయిత స్వదేశంలో ఇది 1988లో గాని అచ్చు కాలేదు. ఆర్వెల్ దీని ఫ్రెంచి అనువాదాన్ని సంపాదించి చదివి 1946 జనవరిలో ట్రిబ్యూన్ పత్రికలో సమీక్షించాడు. తన నవలకు దీనికి పోలికలు ఉన్నమాట వాస్తవము. కాని గాజు గోడ అన్ని వేళలా అందరికీ అన్నిటినీ చూపుతుంది. ఆర్వెల్ ఊహించిన టెలిస్క్రీన్ పనితీరు వేరు.

ఆ పనితీరును అర్థం చేసుకోవటానికి ఇంకొంచెం వెనుకకు వెళ్ళాలి. ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్, తన సోదరుడు శామ్యూల్ ఆలోచన ఆధారంగా, పానాప్టికాన్ అనే కారాగార నమూనాను రూపొందించి 1791లో ప్రచురించాడు. గుండ్రని కట్టడంలో అంచుల వెంట ఖైదీల గదులు, నడుమ ఒక పరిశీలన గోపురము ఉంటాయి. గోపురంలోని కాపలాదారుకు ప్రతి గదీ కనిపిస్తుంది. ఖైదీలకు మాత్రం అతడు కనిపించడు. ఎప్పుడు చూస్తున్నాడో తెలియదు గనుక ఖైదీ ఎల్లప్పుడూ చూస్తున్నట్లే భావించి నడుచుకుంటాడు. గోపురంలో ఎవరూ లేకపోయినా పని జరిగిపోతుంది. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1975లో ప్రచురించిన గ్రంథంలో, ఈ కారాగారపు సూత్రమే ఆధునిక పాఠశాల, కర్మాగారము, ఆసుపత్రి, సైనిక శిబిరాలలో కూడా పనిచేస్తున్నదని వాదించాడు. ఆర్వెల్ నవలలో బెంథామ్ ప్రస్తావన లేదు. అయినా టెలిస్క్రీన్ సరిగ్గా ఈ సూత్రంపైనే పనిచేస్తుంది. ఏ క్షణంలో ఎవరిని చూస్తున్నారో తెలిసే మార్గం లేదు. కనుక మనిషి తన ముఖకవళికలను కూడా తానే కాపలా కాసుకుంటాడు.

నైన్టీన్ ఎయిటీ ఫోర్

ఈ నవలను ఆర్వెల్ అత్యధిక భాగం స్కాట్లండు పశ్చిమ తీరంలోని జూరా ద్వీపంలో, బార్న్‌హిల్ అనే ఏకాంత గృహంలో వ్రాశాడు. 1946 నుండి అక్కడ నివసించాడు. క్షయ ముదరడంతో 1947 డిసెంబరు నుండి 1948 జూలై వరకు గ్లాస్గో సమీపంలోని హెయిర్‌మైర్స్ ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటికి కొత్తగా కనిపెట్టబడిన స్ట్రెప్టోమైసిన్ ను అమెరికా నుండి తెప్పించి వాడారు గాని అది అతని శరీరానికి పడలేదు. ద్వీపానికి టైపిస్టు ఎవరూ రాకపోవటంతో, జ్వరంతో బాధపడుతూనే తుది ప్రతిని స్వయంగా టైపు చేసి 1948 డిసెంబరు నాటికి పూర్తి చేశాడు. వ్రాతప్రతిలో కథాకాలము మొదట 1980గా, తరువాత 1982గా ఉండి చివరకు 1984 అయ్యింది. ఐరోపాలో చివరి మనిషి అనే అర్థం గల శీర్షికను కూడా ఆలోచించాడు. పుస్తకము 1949 జూన్ 8న విడుదలయ్యింది.

కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ సత్య మంత్రిత్వ శాఖలో ఉద్యోగి. పాత పత్రికలలోని వార్తలను పార్టీ నేటి మాటకు అనుగుణంగా దిద్దటం అతని పని. ఎన్నడూ కనిపించని బిగ్ బ్రదర్ పేరుతో పార్టీ పాలిస్తుంది. గదిలోని టెలిస్క్రీన్ ను కట్టివేయటం సాధ్యపడదు. ఆలోచనల పోలీసులు ఉంటారు. పిల్లలే తల్లిదండ్రులపై ఫిర్యాదు చేస్తారు. నేరపూరితమైన ఆలోచన పుట్టటానికి మాటలే మిగలకుండా న్యూస్పీక్ అనే భాషను తయారు చేస్తుంటారు. విన్‌స్టన్ ఒక నోటు పుస్తకం కొని దినచర్య వ్రాయటంతో అతని తిరుగుబాటు ప్రారంభమవుతుంది. బార్సిలోనా హోటలు గది నుండి పోలీసులు పట్టుకుపోయిన దినచర్య పుస్తకాలను ఇక్కడ పాఠకుడు గుర్తు చేసుకోవచ్చు.

సాధారణంగా విస్మరింపబడే అంశము ఒకటుంది. నవలలో నిఘా అందరిపై సమానంగా లేదు. జనాభాలో 85 శాతమున్న శ్రామికులను పార్టీ అంతగా పట్టించుకోదు. వారి ఇళ్ళలో అధికభాగం టెలిస్క్రీన్లు లేవు. నిఘా అంతా మధ్యశ్రేణి పార్టీ సభ్యులపైనే, అనగా గుమాస్తాలు, విలేకరులు, అధికారుల వంటి వారిపైనే. యంత్రాంగాన్ని నడిపేవారిని అదుపులో ఉంచితే మిగిలిన సమాజం దానంతటదే అదుపులో ఉంటుందని పార్టీ లెక్క. బర్మాలో చిన్న అధికారిగా, బి.బి.సి.లో ఉద్యోగిగా పనిచేసిన రచయితకు ఈ శ్రేణి మనుషుల భయం బాగుగా తెలుసు. అలాగే, విన్‌స్టన్ ను చివరకు లొంగదీసేది కెమెరా కాదు. అతడు నమ్మిన మనిషి, అతని అంతరంగంలోని భయాన్ని తెలుసుకుని ఉపయోగించటం. అందువలన ఈ నవలను కేవలం యంత్రాల గురించిన హెచ్చరికగా చదవటం సరికాదు.

పుస్తకం చదివిన పూర్వపు ఉపాధ్యాయుడు హక్స్లీ 1949 అక్టోబరులో ఆర్వెల్ కు ఉత్తరం వ్రాశాడు. నవలను మెచ్చుకుంటూనే, భవిష్యత్ పాలకులు హింస కంటె సుఖాలను, సమ్మోహనాన్ని ఆశ్రయిస్తారని తన అభిప్రాయం తెలిపాడు. ఇద్దరిలో ఎవరి ఊహ నిజమన్న చర్చ ఇంకా సాగుతున్నది.

1949 నాటి జాబితా

1949 మే 2న, క్రానమ్ లోని క్షయ చికిత్సాలయం నుండి ఆర్వెల్ తన స్నేహితురాలు సీలియా కిర్వన్ కు 38 మంది పేర్లతో ఒక జాబితా పంపాడు. ఆమె అప్పుడు బ్రిటిషు విదేశాంగ శాఖలో 1948లో ఏర్పడిన కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచార విభాగంలో ఉద్యోగి. కమ్యూనిస్టు సానుభూతిపరులని తాను అనుమానించినందున ఆ విభాగం కొరకు వ్రాయించటానికి పనికిరారని భావించిన వారి పేర్లు అవి. చార్లీ చాప్లిన్, చరిత్రకారుడు ఇ.హెచ్.కార్ కూడా అందులో ఉన్నారు. 135 పేర్లు గల తన సొంత నోటు పుస్తకం నుండి వీటిని ఏరాడు. కొందరి పేర్ల ప్రక్కన వారి జాతిని కూడా సూచించాడు. జాబితాకు సంబంధించిన ఉత్తరం 1996లోనూ, జాబితా పూర్తి పాఠం 2003లోనూ వెల్లడి అయ్యాయి.

దీనిపై తీవ్ర వివాదం చెలరేగింది. అది పోలీసులకు ఇచ్చినది కాదని, ఎవరినీ శిక్షించటానికి ఉద్దేశించినది కాదని, రచయితలను ఎంచుకోవటంలో స్నేహితురాలికి ఇచ్చిన సలహా మాత్రమేనని సమర్థకుల వాదన. జాబితాలోని స్మోలెట్ నిజంగానే సోవియట్ ఏజెంటు అని తేలటాన్ని వారు ఎత్తి చూపుతారు. అయితే ఒక మనిషి రాజకీయాలను అనుమానంపై అంచనా వేసి, అతనికి తెలియకుండా ప్రభుత్వానికి చేరవేయటం ఏమిటో ఆర్వెల్ కన్న బాగా తెలిసినవారు ఆనాటి ఇంగ్లండులో అరుదు. విగన్ లో, బార్సిలోనాలో అతని గురించి ఇతరులు వ్రాసినవి కూడా ఇటువంటి పంక్తులే. వ్యాధి తీవ్రతను, ప్రచ్ఛన్నయుద్ధ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఈ ప్రశ్న మిగిలే ఉంటుంది.

మరణము

1949 సెప్టెంబరులో ఆర్వెల్ ను లండనులోని యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రికి తరలించారు. అక్టోబరు 13న ఆసుపత్రి గదిలోనే సోనియా బ్రౌనెల్ ను వివాహమాడాడు. 1950 జనవరి 21న ఊపిరితిత్తులలో రక్తనాళం చిట్లి తన 46వ యేట మరణించాడు. సటన్ కోర్టెనే గ్రామంలోని చర్చి ఆవరణలో ఖననం చేశారు. సమాధి ఫలకంపై ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అన్న పేరు, తేదీలు మాత్రమే ఉన్నాయి. కలంపేరు లేదు. అతని వ్రాతప్రతుల భాండాగారము యూనివర్సిటీ కాలేజి లండనులో ఉన్నది. బెంథామ్ తన వీలునామాలో కోరిన విధంగా అతని అస్థిపంజరానికి దుస్తులు తొడిగి భద్రపరచినది కూడా ఆ విద్యాసంస్థలోనే.

తరువాతి కాలములో

నవలలోని పదాలు అనేకం వాడుకలోకి వచ్చాయి. 1999లో నెదర్లాండ్స్ లో ప్రారంభమై పలు దేశాలకు వ్యాపించిన టెలివిజన్ కార్యక్రమానికి బిగ్ బ్రదర్ పేరునే పెట్టారు. దాని భారతీయ రూపమైన బిగ్ బాస్ 2006లో హిందీలోనూ, 2017లో తెలుగులోనూ మొదలయ్యింది. నవలలో శిక్షగా ఉన్న నిరంతర పరిశీలనకు ఇక్కడ పోటీదారులు కోరి సిద్ధపడతారు.

2009 జూలైలో అమెజాన్ సంస్థ హక్కుల వివాదం కారణంగా నైన్టీన్ ఎయిటీ ఫోర్, యానిమల్ ఫామ్ ల ప్రతులను, అప్పటికే కొనుగోలు చేసిన పాఠకుల కిండిల్ పరికరాల నుండి దూరం నుండే తొలగించింది. విమర్శలు రావటంతో క్షమాపణ చెప్పింది. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా ప్రభుత్వపు సమాచార సేకరణను బయటపెట్టిన తరువాత నవల అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి.

భారతదేశంలో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ను పౌరుల ఫోన్లపై ప్రయోగించారన్న ఆరోపణలపై సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 27న ఇచ్చిన ఉత్తర్వు ఈ నవలలోని ఒక వాక్యంతో ప్రారంభమవుతుంది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించినది కృష్ణా జిల్లాకు చెందిన తెలుగువాడు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ. ఆరోపణలను పరిశీలించటానికి విశ్రాంత న్యాయమూర్తి ఆర్.వి.రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక నిపుణుల సంఘాన్ని నియమించారు. పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింటిలో హానికరమైన సాఫ్ట్‌వేర్ ఉన్నదని, అది పెగాసస్ అని చెప్పటానికి నిర్ణయాత్మకమైన ఆధారం లభించలేదని 2022 ఆగస్టులో న్యాయస్థానం తెలియజేసింది.